స్వామి పిలవలేదన్న పద్మావతమ్మ

బాగేపల్లి పద్మావతమ్మ గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే తిమ్మక్క. ఆ పొద్దున చింతామణిలో మా వంటింట్లో రాగులు వేయిస్తున్నాను, మంచుకొండల దారిలో తినడానికి పిండి కోసం. వేగిన రాగుల వాసన ఎప్పుడు తగిలినా నాకు ఆవిడ వసారా గుర్తొస్తుంది. చిన్నప్పుడు పాఠం అయ్యాక రాగిపిండిలో బెల్లం కలిపి ఉండ చేసి నా చేతిలో పెట్టేవారు. తిమ్మక్క పిలిస్తే గరిటె పట్టుకునే గేటు దాకా వెళ్ళాను. మూర కొలుస్తూ చెప్పింది. "బాగేపల్లి పద్మావతమ్మ పోయినాదంటమ్మా, నిన్న సాయంత్రం. ఎంత పుణ్యాత్మురాలో! వయసులో ఉన్నప్పుడే ఆ స్వామి కొండకు పిలిపించుకునె. ఇప్పుడు ఒకేసారి పిలుచుకునేసినాడు." ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. బతికినంత కాలం ఆవిడను కోసిన మాట అది. పోయిన మర్నాడే పూలతో పాటు వీధి వీధికీ తిరుగుతోంది.

పద్మావతమ్మ గారిది బాగేపల్లిలో బట్టల కొట్టు ఉన్న కుటుంబం. మా పుట్టింటికి ఎదురిల్లు. చిన్న వయసులోనే భర్త పోతే మరిది సంసారంలో ఉండిపోయారు. ఏడో తరగతి కాగానే మా నాయన నన్ను బడి మాన్పించారు. ఆడపిల్ల హైస్కూలుకు అంత దూరం నడిచి పోవడం బాగుండదన్నారు. మర్నాడు మధ్యాహ్నమే ఆవిడ మా గడపలో నిలబడి, "ఏమప్పా, నడిస్తేనే గదా తప్పు? రోడ్డు దాటి మా ఇంటికొస్తే తప్పు లేదు గదా?" అని అడిగారు. మా నాయన సరేనన్నారు. అలా నా చదువంతా ఆ వసారాలోనే సాగింది. ఆవిడ దగ్గర పాతబడిన భూపటాల పుస్తకం ఒకటి ఉండేది. కన్నడంలో చదువుకున్న మనిషి కాబట్టి పటాన్ని నక్షె అనేవారు. నక్షె తెరవగానే నేను హిమాలయాల మీద వేలు పెట్టేదాన్ని. చేతి మీద చిన్నగా ఒకటి వేసి, "ముందు నువ్వు యాడుండావో చూపించు. యాడికి పోవల్లనో తర్వాత చూద్దాం" అనేవారు. పచ్చ రంగు నుంచి గోధుమ రంగుకు, అక్కడి నుంచి తెలుపుకు నేలెట్లా లేస్తుందో, పైకి పోయేకొద్దీ గాలెట్లా పలచబడుతుందో ఆ వేలి కిందే నేర్చుకున్నాను. ఆ తెల్లరంగు మీద ఒక్కసారి నిలబడాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. నలభై దాటినా అది పోలేదు.

ఆవిడ కొండ కథ మా వీధిలో తెలియని వాళ్ళు లేరు. మరిది కుటుంబంతో ఉత్తరాది యాత్రకు పోయినప్పుడు, ఒక గుడి దగ్గర బస్సు ఆగిన రోజు, పద్మావతమ్మ గారు తెల్లవారి నుంచి కనబడలేదు. సాయంత్రం ముఖమంతా కమిలి, చీర కుచ్చెళ్ళు తడిసి, ఒక్కరే పైనుంచి దిగి వచ్చారు. యాత్రకు వచ్చిన వాళ్ళంతా గుచ్చి గుచ్చి చూస్తుంటే మరిది గొంతెత్తి, "స్వామి పిలిచినాడు! మా వదినకు ఒళ్ళు తెలీలేదు, ఆయనే నడిపించినాడు" అని దణ్ణం పెట్టాడట. అప్పటిదాకా గుసగుసలాడిన వాళ్ళే ఆవిడ కాళ్ళకు మొక్కారట. ఊరికి వచ్చాక కూడా అంతే. పసిపిల్లలను తెచ్చి ఆవిడ చేత విభూతి పెట్టించుకునేవారు. నేనూ పెట్టించుకున్నాను.

నాకు పదహారేళ్ళప్పుడు, ఒక చలికాలం మధ్యాహ్నం, ఇద్దరం అనపకాయలు ఒలుస్తుంటే అడిగాను. "పెద్దమ్మా, స్వామి పిలిస్తే ఎట్లా వినిపిస్తుంది?"

ఆవిడ ఫక్కున నవ్వారు. "నన్నెవరూ పిలవలేదు పాపా. గుడి ఎనకాల ఒక కాలిదోవ ఉండాది. అది పైకి పోయి మలుపు తిరిగినాది. ఆ మలుపు అవతల ఏముండాదో చూడల్లనిపించె. పోయినా."

"ఏముండాది?"

"ఇంకొక మలుపు." మళ్ళీ నవ్వారు. "దాని అవతల మంచు. ముట్టుకున్నా. నోట్లో కూడా ఏసుకున్నా."

"మరి వాళ్ళకు ఆ మాటే చెప్పకపోయినావా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "చెప్పినా. ఎవరు వినేది? మళ్ళా సంవత్సరం ఇంకొకసారి పోయొస్తానని అడిగితే మా మరిది ఏమన్నాడో తెలుసా? 'ఈసారి స్వామి పిలవలేదు గదా వదినా' అన్నాడు. పిలుపు వచ్చిందని చెప్పినోడూ వాడే, రాలేదని చెప్పినోడూ వాడే." కాయను రెండుగా చీల్చి, గింజలు చేటలోకి విసిరారు. ఆ తరువాత ఏటేటా అడిగారట. ఏటేటా అదే జవాబు. మోకాళ్ళు వంగమని మొరాయించే దాకా అడుగుతూనే ఉన్నారు.

నేను పొద్దునా సాయంత్రం దీపం పెట్టుకునే మనిషిని. నాకు దక్కిన ప్రతిదానికీ ఆ పైవాడికి దణ్ణం పెట్టుకుంటాను. అందుకే నాకు ఇంకా మండుతుంది. ఒక మనిషి కాళ్ళకు సంకెల వేయడానికి ఆయన పేరే దొరికిందా వీళ్ళకు?

ఈ ఏడు నేను బయలుదేరతానన్నప్పుడు మావారు అడ్డు చెప్పలేదు. అందుకు ఆయనకు ఎప్పటికీ కృతజ్ఞురాలినే. నెలల తరబడి, మూపున రాగుల సంచి వేసుకుని మా ఊరి దగ్గరి కైవారం కొండ ఎక్కి దిగాను. తలనొప్పి ముదిరితే పంతం పట్టకుండా కిందికి దిగాలని, రోజుకు కొంచెమే ఎత్తు పెంచాలని, దారి ముందే అక్కడి వాళ్ళకు చెప్పి పోవాలని నేర్చుకున్నాను. చిక్కబళ్ళాపురంలో గుండె చూసిన డాక్టరు అంతా బాగుందన్నాడు. తోడు ఎవరొస్తున్నారని అడిగాడు. ఎవరూ రావడం లేదంటే కళ్ళద్దాలు తీసి, "మొక్కు ఏమన్నా ఉండాదామ్మా? మొక్కయితే సరే" అన్నాడు. నా గుండెకూ మొక్కుకూ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. మా వీధి మగపిల్లలు మోటారు సైకిళ్ళ మీద లడాఖ్ పోయి వస్తే, వాళ్ళను ఏ దేవుడు పిలిచాడని ఒక్కరూ అడగలేదు. దండలు వేసి ఫొటోలు తీసుకున్నారు.

మా అత్త నోరు ఊరుకోలేదు. నలుగురిలో తలవంపులు కాకూడదని, "మా కోడలికి మొక్కు ఉండాది, ఒక్కతే పోయి తీర్చుకోవల్లంట" అని చెప్పేసింది. అంతే, పసుపు గుడ్డల్లో కట్టిన ముడుపులు మా ఇంటికి రావడం మొదలైంది. చాకవేలు నుంచి మా అత్త చెల్లెలు కూడా పంపింది. వెనకింటి రత్నమ్మ, కూతురికి కడుపు పండాలని, చిన్న వెండి ఉయ్యాల తెచ్చి ఇచ్చింది. నేను పోయే కనుమలో గుడి లేదు. రాళ్ళూ మంచూ తప్ప ఏమీ లేవు. అదే చెబితే మా అత్త, "నీకేం పోతాదమ్మా? మొక్కు అంటే ఊరు నోరు మూస్తాది. నువ్వు నిమ్మళంగా పోయి రా" అంది. నిజం చెప్పొద్దూ, అది సుళువైన దారే. ఒక్క మాటకు ఊఁ అంటే వీధి వీధంతా హారతిచ్చి పంపుతుంది. ఏం చేయాలో తేల్చుకోలేక ఊగిసలాడుతున్న రోజుల్లోనే తిమ్మక్క ఆ కబురు తెచ్చింది.

కర్మకాండ ముగిసి, ఆవిడ పేరున సమారాధన భోజనాలు పెట్టే రోజు బాగేపల్లి వెళ్ళాను. దండ వేసిన ఫొటో పక్కన కూర్చుని మరిది వచ్చిన వాళ్ళందరికీ అదే చెబుతున్నాడు. "మా వదినను ఆ స్వామే నడిపించినాడు. ఆడది, ఒక్కతే, అంత కొండ ఎక్కేది అయ్యే పనా?"

"ఎక్కింది ఆమెనే అప్పా," అన్నాను. "ఎవరూ పిలవలేదని నాకు తన నోటితోనే చెప్పింది. మళ్ళా పోతానని ఏటేటా అడిగితే నువ్వే పోనీలేదు."

విస్తళ్ళ ముందు చేతులు ఆగిపోయాయి. "పోయినోళ్ళ ఫొటో ముందర ఇట్లాంటి మాటలా? నీకు చదువు చెప్పిన మనిషి అమ్మా!" అన్నాడు.

"చదువు చెప్పింది గాబట్టే మాట్లాడతాండాను," అని లేచి వచ్చేశాను. భోజనం చేయలేదు.

ఆ సాయంత్రమే చింతామణిలో ముడుపులన్నీ తట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. కొందరు విసుక్కున్నారు, ఒకామె తలుపు వేసుకుంది. రత్నమ్మ ఉయ్యాల తీసుకోలేదు. "మొక్కు లేదా? మరి దేనికి పోతాండావు?" అంది.

"చూసేదానికి."

"చూసేదానికా? ఇంట్లో మొగుణ్ణి, అత్తను ఇడిసిపెట్టి, చూసేదానికా?"

"అవును రత్నమ్మా. నీ కూతురి కోసం రోజూ దీపం దగ్గర దణ్ణం పెడతా, ఇది మాత్రం నిజం. ఈ ఉయ్యాలను తీసకపోయి రాయి మీద పెట్టి, గుళ్ళో కట్టినానని నీకు అబద్ధం చెప్పలేను." ఆమె కళ్ళనీళ్ళతో ఉయ్యాల లాక్కుని లోపలికి పోయింది. ఆ కళ్ళు నన్ను ఇంకా బాధపెడుతున్నాయి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ఆశను నా అబద్ధానికి ముడిపెట్టాలని చూసిన పద్ధతి మీద ఉంది.

మా అత్త నాతో మాట్లాడడం లేదు. నన్ను హారతిచ్చి పంపేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఎల్లుండి మావారు బెంగళూరులో రైలెక్కిస్తారు. అక్కడి నుంచి ఒక్కదాన్నే. ఏ పిలుపూ అడ్డం పెట్టుకోకుండా, నా ఇష్టం మీద పోతున్నాను. పోయి వచ్చి, మళ్ళీ పోవాలనిపిస్తే, నీకు ఈసారి పిలుపు రాలేదని చెప్పే అవకాశం ఎవరికీ ఉండదు. పద్మావతమ్మ గారు నాకు ఇచ్చిపోయింది ఇదే. ఆవిడకు మాత్రం ఆ రెండోసారి దక్కలేదు.

మీరు ఆవిడను చూడలేదు. ఎప్పుడైనా బాగేపల్లి వైపు పోతే, స్వామి పిలిచిన పుణ్యాత్మురాలి కథ మీకూ ఎవరో ఒకరు చెబుతారు. చేతులు జోడించే ముందు ఒక్క క్షణం ఆగండి. మలుపు అవతల ఏముందో చూడాలని తన కాళ్ళతో తాను నడిచి, మంచు నోట్లో వేసుకుని నవ్విన పద్మావతమ్మ అనే మనిషిని గుర్తుపెట్టుకోండి.