క్వాన్ అత్త నాలుక

తన కషాయాల దుకాణం ముందుకు ఎవరొచ్చినా క్వాన్ యుక్‌లిన్ రెండు వేళ్లతో వాళ్ల గడ్డం పట్టి, ముఖాన్ని వెలుగు వైపు తిప్పి, "ఏదీ, నాలుక చాపు" అంటుంది. గ్వాంగ్‌జౌ పాతబస్తీలోని ఆ సందులో అందరూ అత్తా అని పిలిచే ఆమె పలకరింపు అదే. నాలుక మీద పసుపు పాచి ఉంటే ఒంట్లో వేడి చేసినట్టు. చేదు కషాయం పోస్తుంది. పొడి గాలులు మొదలై నాలుక ఎండిపోతే బేరిపండు సూప్ ఇస్తుంది. కోడలు సియుమన్ మాత్రం కాపురానికి వచ్చిన నాటి నుంచి ఐసు టీ పీలుస్తూ ఎదురుగా తిరుగుతుందే గాని, ఒక్కనాడూ నోరు తెరిచి చూపలేదు.

ఈ శరత్తులో యుక్‌లిన్‌కే పొడిదగ్గు పట్టుకుంది. గరిటె ఎత్తితే చాలు, తెరలు తెరలుగా వస్తుంది. "నీ మందు నీకు పనిచెయ్యదా అత్తా?" అని చేపలమ్మే లాయ్ నవ్వాడు. అతని వెనక నిలబడ్డావిడ నవ్వకుండా ఎదుటి కషాయాల దుకాణానికి నడిచింది. ఆ సాయంత్రం కుండలో మిగిలిన కషాయాన్ని పారబొయ్యడానికి మనసొప్పక, యుక్‌లిన్ రోజూలాగే తాగబోయింది. సియుమన్ గిన్నె పట్టుకుని ఆపింది.

"ఎండాకాలపు మందు ఇప్పుడు కూడానా అత్తయ్యా? చలవ మీద చలవ చేసే వచ్చింది ఈ దగ్గు. ఏదీ, నాలుక చాపండి."

"ఐసు నమిలేదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని యుక్‌లిన్ పెదవులు బిగించింది. గిన్నె మాత్రం వదిలేసింది.

మర్నాడు పొద్దున, దుకాణం తెరవకముందే, బేరిపండ్లు కోస్తున్న కోడలి దగ్గరికి వచ్చి నిలబడింది. తన గడ్డాన్ని తనే రెండు వేళ్లతో పట్టి, కిటికీ వెలుగుకు తిప్పి, నాలుక చాపింది.