మా హాల్లో గోడపొయ్యి

మలేషియాలో మా ఊరు సుంగై సిపుట్ మొత్తం మీద ఫైర్‌ప్లేస్ ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటే. అది మాది. పొద్దున ఎనిమిదింటికే జాకెట్టు వీపుకు అతుక్కుపోయే ఊళ్ళో చలిమంట గూడు ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. ఆ ఇల్లు చూడడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను వంటగది చూడలేదు, బాత్రూము చూడలేదు, కప్పు కారుతుందా అని కూడా అడగలేదు. హాల్లో గోడకు ఎర్ర ఇటుకల కమాను, దాని మీద మందపాటి చెక్క బల్ల, లోపల ఇనప జాలీ. అక్కడే నిలబడిపోయాను. కట్టించినాయన ఓడల్లో పనిచేసి చలిదేశాలు తిరిగి వచ్చినవాడట, ముచ్చటపడి కట్టించుకున్నాడట. పొగగొట్టం మాత్రం సీలింగు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ పైన కప్పుకు కన్నం పెడితే వాన కారుతుందని భయపడ్డాడట.

మా ఆయనకు మోటార్‌సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. పనికిరాని వస్తువును చూస్తే ఆయన చేతులు ఊరుకోవు. ఇటుకల మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"ఏటే ఇది? మనకి సలెక్కడుంది? పగలగొట్టించేసి టీవీ పెడదాం లా." మాట చివర లా తగిలించడం ఇక్కడి అలవాటు.

"ఒక్క ఇటుక మీద సెయ్యేసినా ఊరుకోను మావా."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టున్నాది నీ యవ్వారం."

"ఎగిరి సూపిస్తాను, నువ్వు పక్కకి జరుగు" అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి అద్దె ఇళ్ళలో గోడకు మేకు కొట్టాలన్నా ఇంకొకరిని అడిగి బతికినదాన్ని. నాదంటూ ఒక గోడ వచ్చాక దాన్ని అలంకరించడానికి ఇంక ఎవర్ని అడుగుతాను?

ఆ గోడ మీద నాకంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయన అప్ప, అంటే అక్క ఆవిడ. బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో, పామాయిల్ తోటల మధ్య ఉంటుంది. మా అత్తగారు పోయినప్పుడు వదిన ఇంకా పావడా కట్టుకునే పిల్ల. ఆ వయసులోనే తమ్ముణ్ణి చంకనేసుకుని చుట్టాల ఇళ్ళలో, వాళ్ళ పొయ్యి మీద వండిన కూడు తింటూ, వాళ్ళ మాటలు పడుతూ పెంచింది. మా పెళ్ళిలో అందరి ముందూ మొక్కుకుంది. తమ్ముడు సొంత ఇంట్లో సొంత పొయ్యి వెలిగించిన రోజున కడుపునిండా తింటుందట. అప్పటిదాకా అద్దె కొంపలో మెతుకు ముట్టదట. విన్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. వండిపెట్టాల్సిన నా సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆవిడ మొక్కు ఆవిడ తప్పలేదు. బస్సు దిగి వచ్చేది, తమ్ముడి కొట్టుకు వెళ్ళి చూసేది, మా ఇంట్లో కూర్చుని నల్లకాఫీ తాగేది. నేను పళ్ళెం తెస్తే చేయి అడ్డం పెట్టి "పోదుం" అనేది. తమిళంలో చాలని. మా ఇళ్ళల్లో చాలు అనే తెలుగు మాట కంటే అదే ఎక్కువ వినబడుతుంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, మా వదిన ఒకటిన్నర మొగుడు. ఆవిడ మీద కోపం వచ్చేది, ఆవిడ వెళ్ళిపోయాక మిగిలిన కూర చూస్తే ఏడుపూ వచ్చేది. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచే కాబట్టి ఆవిడ వచ్చి తీరాలి. పాలు పొంగించి, నా చేతివంట తిని, నా ఇల్లు బాగుందని అనాలి. ఇంతకంటే ఆ రోజు నాకు దేవుడు కూడా ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఇంక చూసుకోండి నా హడావుడి. ఫోనులో ఫైర్‌ప్లేస్ అలంకరించే వీడియోలు చూసి చూసి కళ్ళు ఎర్రబడ్డాయి. బల్ల మీద పెట్టే వస్తువులు ఒకే ఎత్తులో ఉండకూడదు, ఒకటి పొడుగు, ఒకటి మధ్యస్తం, ఒకటి పొట్టి ఉండాలి. వెనకాల అద్దం ఉంటే గది పెద్దదిగా కనబడుతుంది. ఇటుకలు మరీ ముదురు రంగులో ఉంటే తెల్లరంగు పల్చగా పూసి గుడ్డతో తుడవాలి. నేను పూశాను, తుడిచాను, నచ్చక మళ్ళీ పూశాను. ఇపో పట్నంలో పాతసామాన్ల కొట్టులో గుండ్రటి అద్దం దొరికితే మోటార్‌సైకిల్ వెనక కూర్చుని దాన్ని గుండెలకు హత్తుకుని తెచ్చాను. దారి పొడుగునా ఎదురొచ్చేవాళ్ళు అద్దంలో తమ మొహాలు చూసుకున్నారు.

అన్నిటికంటే నాకు గర్వంగా ఉన్నవి రబ్బరు కప్పులు. వెనకటికి రబ్బరు చెట్టుకు గాటు పెట్టి, కారే పాలు పట్టడానికి చెట్టుకు కట్టిన తెల్లటి పింగాణీ గిన్నెలవి. ఇప్పుడు ఎక్కడా కనబడవు. మా అమ్మ చీపురుకట్టల వెనక దాచిపెట్టినవి కొన్ని తెచ్చి, తోమి, కొన్నిట్లో మైనం పోసి వత్తి పెట్టాను. లోపల జాలీ మీద రబ్బరు కర్రలు అడ్డంగా, నిలువుగా అందంగా పేర్చాను. కమాను చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ పూలు, సన్న లైట్లు. చూస్తే నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది.

ఈలోగా మా ఆయనకూ పిచ్చి ఎక్కింది. ముందు జాలీకి ఇంజనుకు పూసే నల్లరంగు పూశాడు. తర్వాత అరిగిపోయిన బైకు గొలుసులు వెల్డింగు చేసి కర్రలు పెట్టుకోవడానికి ఒక బుట్ట చేసుకొచ్చాడు. దాన్ని కుడివైపు పెట్టి చూశాడు, ఎడమవైపు పెట్టి చూశాడు, వెనక్కి వెళ్ళి తల వంచి చూశాడు.

"టీవీ ఎక్కడ పెడదాం మావా?" అని అడిగాను.

"టీవీ ఎవుడు సూస్తాడే" అన్నాడు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే వదిన వచ్చింది. జరీ అంచు చీర, తలలో మల్లెపూలు, చేతిలో కొత్త ఇత్తడి గిన్నె. పాలు పొంగించడానికి తానే కొనుక్కొచ్చింది. గుమ్మానికి పసుపు, మామిడాకులు చూసి తృప్తిగా తలాడించింది. కుడికాలు లోపల పెట్టింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు చూస్తుంది అని.

చూసింది. పెట్టిన కుడికాలు వెనక్కి తీసుకుంది.

"పొయ్యి సల్లగా ఉన్నాదేటి?" అంది. "కర్రలు పేర్సి, తెల్లపూలెట్టి, నిప్పు పెట్టకుండా వొగ్గేసినారు. ఎవలు పోయినారు ఈ ఇంట్లో?"

"అది పొయ్యి కాదొదినా, అలంకారం. దాన్లో వండరు" అన్నాను.

"పొయ్యి కాకపోతే కర్రలెందుకే? కాదన్నంత మాత్రాన కాకుండా పోతాదా? నేను ఈ గుమ్మం దాటను. పాలూ పొంగించను." గిన్నె గుండెలకు పట్టుకుని వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చిన చుట్టాలంతా వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఇంత కష్టపడి, చేతులు పొక్కులెక్కేలా తోమి, రంగులు పూసి పెడితే చావు ఇల్లు అంటుందా? విసురుగా వంటగదిలోకి పోయి గిన్నెలు చప్పుడు చేయడం మొదలుపెట్టాను. ఇంకెవరినైనా పొంగించమనేదాన్ని, కానీ ఆడపడుచు ఉండగా ఇంకొకరి చేత పాలు పొంగిస్తే ఊరు ఏమంటుంది? ఊరి సంగతి అటుంచి, మా ఆయన లోపలికి వస్తాడా?

ఆయనే వచ్చాడు నా వెనక. గొంతు తగ్గించి చెప్పాడు. "మాయమ్మ పోయినపుడు తోట లైన్లో, కూలీల ఇళ్ళ వరసలో, మా పొయ్యి అలాగే ఉన్నాది. అమ్మ ముందు రోజు కర్రలు పేర్సి పెట్టుకున్నాది, ఎలిగించేలోగా అయిపోనాది. దినాలు అయ్యేదాకా ఎవలూ ముట్టుకోనేదు. అప్ప దాని ముందే కూకునేది. ఆకరికి తనే ఎలిగించినాది, సిన్న పిల్ల."

మనిషి పోయిన ఇంట్లో పొయ్యి రాజేయరని నాకు తెలియనిదా? గ్యాసు పొయ్యి వచ్చాక చల్లటి పొయ్యి ఎలా ఉంటుందో కళ్ళు మరిచిపోయాయి, అంతే. నా కోపం పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు దిగిపోయింది. దిగిన వెంటనే ఇంకొకటి లేచింది, బ్రహ్మాండమైన ఆలోచన. పొయ్యి చల్లగా ఉండడమే కదా తప్పు? అయితే వెలిగిద్దాం.

వెనక షెడ్డులో బొగ్గుల కుంపటి ఉంది. దీపావళికి జంతికలు దాని మీదే వేస్తాం. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని పరిగెత్తి, దాన్ని ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. పేర్చిన కర్రలు లాగేశాను, ప్లాస్టిక్ పూలు పీకేశాను. జాలీ తీసి కుంపటి గూట్లో పెట్టాను. మా ఆయన చెప్పకుండానే ఫ్యాను ఆపి కిటికీలన్నీ తెరిచాడు. ఇద్దరమూ పోటీపడి బొగ్గులు, కొబ్బరిడొక్కలు వేస్తుంటే వాకిట్లో కుర్చీ కదిలిన చప్పుడయింది.

"అలా కాదే. బొగ్గులు కిందేసి కొబ్బరిడొక్కలు మీదేసినావు. తలకిందులు."

వదిన గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. నేను చేయి చాచాను. "నాకు రాదొదినా. నువ్వే రా" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మసిచేతులను చూసింది. తర్వాత కుడికాలు లోపల పెట్టి, వంగి, నన్ను పక్కకు నెట్టేసింది. బల్ల మీది రబ్బరు కప్పుల్లో మైనం పోయనివి రెండు తీసుకుంది. వాటిని వేళ్ళతో తడిమి, ఇవి నీకెక్కడివే అన్నట్టు నా వైపు చూసింది. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కుంకుమ కలిపింది. నేను అంత కష్టపడి తెల్లగా చేసిన ఇటుకలకు పొడుగునా పసుపు రాసి బొట్లు పెట్టింది. వీడియోల్లో చెప్పిన పద్ధతులన్నీ గంగలో కలిశాయి. నాకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించింది.

కుంపటి రాజుకుంది. ఊరుకోవచ్చుగా, వదిన రబ్బరు పుల్ల ఒకటి విరిచి అందులో వేసింది. "ఈ కర్ర వాసన లేకపోతే పొయ్యి ఎలిగినట్టుండదు" అంది. పొగ సీలింగు దాకా వెళ్ళి, దారి లేక మా అందరి మీదికీ తిరిగొచ్చింది. చుట్టాలంతా దగ్గుతూ నవ్వుతూ ముక్కులు మూసుకున్నారు. వదిన అట్టముక్కతో విసురుతూ దగ్గుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన కళ్ళూ అలాగే ఉన్నాయి, కానీ ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు, అక్కడ పొగ లేదు.

పాలు తూర్పువైపుకే పొంగాయి. ఇత్తడి గిన్నె అంచు మీదుగా జారి నిప్పుల మీద పడి చుయ్యిమన్నాయి, నా ఇటుకల మీదికి కారాయి. వదిన రెండు చేతులూ జోడించి పొయ్యికి దండం పెట్టింది. పెదాలు కదిలాయి గాని ఎవరికి ఏం చెప్పిందో వినబడలేదు.

మధ్యాహ్నం చాప వేసి అరటాకులు పరిచాం. వదిన గోడపొయ్యికి ఎదురుగా కూర్చుంది. ఆ కుంపటి మీదే ఆ పాలతో పరమాన్నం దించాను. ఆవపెట్టిన అరటికాయ కూర, గుమ్మడికాయ పులుసు, పప్పు. అన్నం మొదటి గరిటె వేసి, అలవాటుగా ఆవిడ చేతి వైపు చూశాను. ఇప్పుడు అడ్డం పెడుతుంది, ఇప్పుడు అంటుంది అని. రెండో గరిటె వేశాను. పులుసు పోశాను. ఆవిడ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, పొయ్యిలో ఇంకా ఎర్రగా ఉన్న నిప్పుల వైపు చూస్తూ మింగింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆవిడ తలెత్తింది.

"అలా సూస్తావేటే? నేనింకా పోదుం అననేదు గదా. వడ్డించు."