రెండూ వెలిగాయా?

ఆ కెప్టెన్‌గారిది చల్లపల్లి. నాది గుడివాడని తెలిసిన రోజు నుంచి, కో-పైలట్‌నైన నన్ను అల్లుడూ అనేవారు. రెక్కకో ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానం మాది. నేల తాకాక, రెండు ప్రొపెల్లర్లూ సిద్ధమైనట్టు రెండు లైట్లు వెలిగితేనే రివర్స్ లాగి వేగం తగ్గించాలి. ఒకటే వెలిగినప్పుడు లాగితే విమానం పక్కకు ఈడ్చుకుపోతుంది. లైట్లు చూసి చెప్పడం నా పని. మిగతాదంతా ఇంగ్లిషులో నడిపే ఆయన, ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో అడిగేవారు.

“రెండూ వెలిగాయా, అల్లుడూ?”

“ఆఁ.”

ఒక వానరోజు నేను లైట్ల వంక చూడకుండానే, అలవాటుకొద్దీ “ఆఁ” అన్నాను. ఆయన నా మాట నమ్మి రివర్స్ లాగారు. వెలిగింది ఒకటే. విమానం రన్‌వే దిగి బురదలో కూరుకుపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

విచారణలో కాక్‌పిట్‌లో మా మాటల రికార్డింగు వినిపించి, ఆ “ఆఁ” అంటే ఏమిటని తెలుగురాని అధికారి నన్నడిగాడు.

“వినపడలేదు సార్. ఏమన్నారని అడిగాను,” అన్నాను.

కెప్టెన్‌గారు నా వంక చూశారు. అధికారి వైపు తిరిగి, “మా వైపు అలా కూడా అంటారండీ,” అన్నారు.

జవాబు రాకుండానే రివర్స్ లాగారని ఆయన ఉద్యోగం పోయింది. నేను కెప్టెన్నయ్యాను.

నాలుగేళ్లకు, అవనిగడ్డలో పెళ్లికి వెళ్తుంటే చల్లపల్లి బస్టాండులో ఆయన కనిపించారు. టీ ఇప్పించారు. నా బస్సు స్టార్టయ్యాక కిటికీ దగ్గరకొచ్చి, మెల్లగా అడిగారు.

“ఆ రోజు నువ్వన్నది అవుననేగా, అల్లుడూ?”

ఇంజను మోతలోనూ ప్రతి అక్షరం వినపడింది.

“ఆఁ?” అన్నాను, చెవి దగ్గర చెయ్యి పెట్టి.