మూడోసారి గెల్చిన కప్పు

ఏమప్పా, నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. టీ నోట్లో పోసుకున్నంక నవ్వితే పొలమారి సస్తారు, ఆ పాపం గూడ నా మీదికే వస్తాది. మొన్న శనివారం మైదానంలో ఏం జరిగిందో మీరు సగం వినే ఉంటారు. ఆ సగానికి గూడ మా వీధోళ్ళు ఉప్పూకారం బాగానే పట్టించింటారు. అసలుది నేను చెప్తా. ఆ దినం ఊరంతా నాకు చప్పట్లు కొట్టిరి. దొర నా చెయ్యి పట్టుకోని ఊపె. ఈ ఏటి ఉత్తమ పిచ్చరు అని నా పేరు గెట్టిగా పిల్చిరి. అంతా అయినంక మొగం యాడ పెట్టుకోవాల్నో తెలీక, సర్కారు గుడారాల సందుల్లో పడి దొంగమాదిరి ఇంటికి పోతి.

మొదట్నుంచి చెప్తా ఉండు, తొందరపడాకు. మా పాదిరి దొరది అమెరికా గదా. ఆయప్పకు క్రికెట్ అంటే గిట్టదు. "దినమంతయు ఎండలో నిలుచుండుట ఏమి ఆట, మాస్టరు గారూ?" అంటాడు. బైబిలు సదివి నేర్చుకున్న తెలుగు, అట్లనే ఉంటాది. వచ్చిన కొత్తలోనే మా బడిపిల్లోళ్ళకు, అయివార్లకు బేస్‌బాల్ నేర్పిచ్చె. పిచ్చరు అంటే బంతి ఇసిరేటోడు. బంతి నేలకు తగలకుండా ఇసరాల. కట్టె పట్టుకున్నోడు మూడుసార్లు గురి తప్పితే ఔటు. అంతే ఆట. నేను డ్రిల్లు మాస్టరును, చెయ్యి గెట్టిది, చిన్నప్పుడు రాళ్ళేసి చింతకాయలు కొట్టినోణ్ణి. బంతి నాకు శానా బాగా కుదిరె.

అమెరికాలో పెద్ద ఊర్లలో పెద్ద టీములు ఉంటాయంట. వాటి కింద చిన్న ఊర్లలో చిన్న టీములంట. ఆ చిన్న టీముల్లో బాగా ఇసిరే పిచ్చరుకు ఏటేటా బహుమానం ఇస్తారంట. "మనవియు చిన్న టీములే గదా, మనమును ఇయ్యవలెను" అని దొర మద్రాసుకు పోయి, పట్టుకునేకి రెండు పక్కలా చెవులుండే పెద్ద వెండి కప్పు ఒకటి కొయ్యపెట్టెలో పెట్టుకోని వచ్చె. కర్నూలు, నంద్యాల, ఆత్మకూరు, కడప, ఇవే మా టీములు. ఏడాదంతా ఎవురు ఎక్కువమందిని ఔటు చేస్తే ఆ కప్పు ఒక ఏడాది వాళ్ళింట్లో ఉంటాది. మళ్ళా ఏడాదికి వాపసు తేవాల. వరసగా మూడేండ్లు గెలిస్తే మాత్రం శాశ్వతంగా వాళ్ళదే.

రెండేండ్లు నేనే గెల్చినా. కప్పు మా ఇంట్లోనే ఉండె. తప్పంతా ఈడ్నే మొదలాయ.

మాయమ్మ మార్తమ్మ సంగతి మీకు తెలుసు గదా. ఇంట్లో చెంబు మసకగా ఉంటే ఆయమ్మకు అన్నం దిగదు. దొర ఇచ్చిన కప్పని ప్రతి శనివారం బైటికి తీసి, చింతపండు, ఇటికపొడి పెట్టి, టెంకాయ పీచుతో తోమేది. "అమ్మా, అది చూసేకి పెట్టుకునేది, అట్ల రుద్దాకు" అంటే, "ఆదివారం పొద్దున మాసిన గిన్నె ఇంట్లో పెట్టుకోని దేవుని మందిరానికి పోతామా?" అనేది. ఏం చెప్తావు?

రుద్దగా రుద్దగా పైనుండే వెండిపూత పోయి లోపలి పసుపు రంగు బైటపడె. నేను బడినుంచి వస్తానే మాయమ్మ తలుపేసి, గొళ్ళెం పెట్టి, నా చెవిలో చెప్తాది, "ఒరే రత్నం, ఇది బంగారు రా!"

"బంగారు ఏందమ్మా, ఇత్తడి. పూత పాయ."

"నువ్వు డ్రిల్లు మాస్టరువు, కంసాలివి కాదు. నోరు మూసుకో. దొంగల భయానికి దొర పైన వెండి పూసి, లోపల బంగారు దాచినాడు. ఎంత తెలివి చూడు ఆయప్పది!"

నేను మొత్తుకుంటి. ఇత్తడమ్మా, ఇత్తడమ్మా అని ఒళ్ళంతా నోరు చేసుకోని చెప్తి. ఇంటేనా! ఆదివారం ఆడోళ్ళ ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "దేవుడు మా ఇంటికి బంగారు గిన్నె ఇచ్చినాడు" అని కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని సాక్ష్యం చెప్పిందంట. ఆ దినం నుంచి మా ఇంటికి ఆడోళ్ళు ఒకరి ఎనక ఒకరు. దొరకు తప్ప మా మిషను కాంపౌండులో అందరికీ తెలిసిపాయ. నేను గెలవాలని మాయమ్మ దినామూ నాకు పచ్చి కోడిగుడ్లు తాపీడం మొదలుపెట్టె. 

నా బాధ వేరే. ఈసారి నేను ఓడిపోతే ఆ కప్పు అందరి ముందరా గెల్చినోని చేతికి ఇయ్యాల. వెండి కప్పు తీస్కపోయినోడు ఇత్తడి గిన్నె వాపసు తెచ్చినాడంటే నా పరువేమి గావాల? అందుకే మాయమ్మ ఊర్లో లేని దినం చూసి, కప్పును గోనెసంచిలో సుట్టుకోని కళాయి ఖాసీం సాబు దగ్గరికి పోతి. ఇత్తడి గిన్నెలకు తగరం పూసి కళాయి వేయడంలో ఆయప్పను మించినోడు కర్నూల్లో లేడు.

"లోపల కాదు సాబూ, బైట ఎయ్యాల. తెల్లగా, వెండి మాదిరి ఉండాల" అంటి.

"ఫికరు వద్దు మాస్టరూ. మొగం చూసుకునే మాదిరి చేస్తా" అనె.

చేసినాడప్పా, నిజంగానే! మొగం కనపడేట్టు చేసినాడు. కాకపోతే కొలిమి మీద పెట్టి కాల్చేసరికి ఆ రెండు చెవులూ ఊడి నిప్పుల్లో పడె. నేను తల పట్టుకుంటి. సాబు మాత్రం నవ్వె. "చెవులదేముండాది మాస్టరూ?" అని, లక్క కరగబెట్టి అంటించి, పైన కొంచెం తగరం రుద్ది ఇచ్చె. ఊపి చూస్తి. గెట్టిగానే ఉండాది. పెట్టెలో పెట్టి, తాళమేసి, తాళంచెవి నా మొలతాడుకు కట్టుకుంటి. ఆట దినం దాకా మాయమ్మకు చూపీలా. "పెట్టె తెరిస్తే దిష్టి తగుల్తాదమ్మా" అంటే ఆయమ్మ గూడ ఒప్పుకునె. అదొక్కటే నేను చెప్పినది ఆయమ్మ ఇన్నది.

ఏడాది లెక్క చూస్తే నేనూ, కడప దావీదూ సమానంగా ఉంటిమి. దావీదు అంటే కడప బోర్డింగు బడిలో అయివారు, నాకన్నా చిన్నోడు, నెమ్మదస్తుడు, నన్ను అన్నా అన్నా అంటాడు. కర్నూలుకు, కడపకు జరిగే చివరి ఆటలో ఎవురు గెలిపిస్తే వాళ్ళదే కప్పు. శనివారం వచ్చె. మన ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అయినప్పట్నుంచి సగం మైదానంలో సర్కారు గుడారాలే గదా, మిగిలిన సగంలోనే ఆట. ఎండ అట్లాంటి ఇట్లాంటి ఎండ కాదు, కాళ్ళకింద పెనం పెట్టినట్లుండె. జనం మాత్రం గుడారాల తాళ్ళ మీద గూడ కూర్చోనుండారు. మాయమ్మ ఆడోళ్ళ ముందర వరసలో, కూటం మొత్తాన్నీ ఎంటబెట్టుకోని వచ్చె.

నేను ఆ దినం ఇసిరినట్లు ఎప్పుడూ ఇసర్లేదు. పరువు కోసం ఇసిరితే చెయ్యి దానంతట అదే తిరుగుతాదప్పా! చివరికి ఒక్కడు మిగిల్నాడు. వాణ్ణి ఔటు చేస్తే మేము గెల్చినట్లు, వాడు కొడితే కడప గెల్చినట్లు. ఆ ఒక్కడు ఎవురనుకుంటిరి? దావీదే! కట్టె పట్టుకోని నిలబడె. మొదటి బంతి తప్పె. రెండోది గూడ తప్పె. మూడోదానికి నా అరచెయ్యంతా చెమట. మట్టి రుద్దుకుంటి. కండ్లముందర ఆ ఇత్తడి గిన్నె, దొర మొగమూ కనపడె. "ప్రభువా, ఈ ఒక్కటి దాటిచ్చు" అనుకోని ఇసిరితి. బంతి నేరుగా పోయి పోయి, దావీదు ముందర కొంచెం కిందికి వంగె! ఎట్ల వంగిందో నాకూ తెల్దు, ఆ బంతికీ తెల్దు. కట్టె గాల్లో తిరిగె. "ఔటు!" అని తీర్పు చెప్పేకి నిలబడిన దొర అరిచె.

ఇంగ చూడు! పిల్లోళ్ళు నన్ను భుజాలమీద ఎక్కిచ్చుకునిరి. మాయమ్మ "మాదే! మాదే!" అని ఎగిరె. నాకైతే ప్రాణం లేచొచ్చె. కప్పు ఇంగ ఎవురికీ ఇయ్యాల్సిన పన్లేదు, ఎవురూ చూడరు, పెట్టె పెట్టెమాదిరి ఇంటికి పోతాది అనుకుంటి.

అనుకుంటి గదా! దొర మైక్ కాడికి పోయి, "వరుసగా మూడు సంవత్సరములు గెలుచుట మిక్కిలి గొప్ప సంగతి. కావున కప్పును బయటకు తీసి, అందరికిని చూపించెదము" అనె. నా మొలతాడు తాళంచెవి ఆయప్పే అడిగి తీసుకునె. కప్పును తీసి ఎండలో టేబులు మీద పెట్టె. తళతళ మెరిసిపాయ, ఆ తళుకుకు మాయమ్మ కూర్చున్న కాడికి రంగు ఏందో తెలీలా. "ఎంత శుభ్రముగా ఉంచినారు!" అని దొర మురిసిపాయ. సభకు పెద్దగా గుడారాల్లోనుంచి ఒక ఆఫీసరును పిల్చింటిరి. ఆయప్ప మాట్లాడేకి లేచె.

ఆట పేరే ఆయప్పకు తెల్దు. క్రికెట్ అనుకోని మొదలుపెట్టి, దేశభక్తి, నీటి ప్రాజెక్టులు, కొత్త రాష్ట్రం, అన్నీ చెప్తాండాడు. నాకు ఒక్క ముక్క గూడ చెవికెక్కలా. నా కండ్లు కప్పు చెవుల మీదనే ఉండాయి. ఎండకు లక్క మెత్తబడుతాండాది! కుడి చెవి మెల్లగా వాలె. ఆయప్ప "వ్యవసాయం" అన్న్యాడు, ఎడమ చెవి గూడ వాలె. "సారూ, ముగించండి సారూ" అని నేను లోపల లోపలే కాళ్ళు పట్టుకుంటాండా. ఎవురికి వినపడాల!

ఎట్లనో ముగిచ్చె. చేత్తో నేనే ఎత్తుకుందామని ముందుకు ఉరికితి. దొర నన్ను ఆపి, "కాదు, కాదు! తల్లిగారు వచ్చి కుమారునికి ఇయ్యవలెను" అనె.

మాయమ్మ కొంగు దోపుకోని, చేతులు జోడించుకోని, మహరాణి మాదిరి నడ్చి వచ్చె. కప్పు రెండు చెవులూ పట్టుకోని ఎత్తె. చెవులు ఆయమ్మ చేతుల్లోకొచ్చె. కప్పు టేబులు మీదనే ఉండిపాయ, తర్వాత దొర్లి ఆఫీసరు కాళ్ళకాడ పడె.

జనం నవ్వే లోపల మాయమ్మ అరిచె. చెవులు ఊడినందుకు అనుకుంటిరా? కాదు! "ఇది మా గిన్నె కాదు దొరా! మాది బంగారు గిన్నె! ఎవురో మార్చినారు! పొద్దున్నుంచి ఆ పెట్టె కాడ కడపోళ్ళు తిరుగుతాండారు, నేను చూస్తానే ఉండా!"

కడపోళ్ళు లేచి నిలబడిరి. "ఏమ్మా, మమ్మల్ని దొంగలంటావా?" "పెద్దమ్మవని ఊరకుంటాండాము!" మనోళ్ళు గూడ చొక్కాలు మడవడం మొదలుపెట్టిరి.  నేను మధ్యలో దూరి చేతులు అడ్డం పెడితి. అప్పుడు గుంపులోనుంచి ఖాసీం సాబు ఛాతీ ఇరుచుకోని ముందుకొచ్చె. "అమ్మా, అది మీదే! మాస్టరు చెప్తే నేనే కళాయి ఏసినా. ఎంత తెల్లగా వచ్చిందో చూడండి! పూత యాడైనా లేసిందా?"

 దొర కిందకు వంగి, కప్పు ఎత్తి, జేబులోని చాకుతో గీరె. పసుపు బైటపడె. మాయమ్మ మొగం వెలిగిపాయ. "చెప్పలేదా? బంగారు!" అనె.

దొర ఆయమ్మ వైపు శానా మెల్లగా చూసి, "అమ్మా, ఇది మొదటినుండియు ఇత్తడియే. నేనే కొంటిని" అనె.

మాయమ్మ చేతిలో ఆ రెండు చెవులూ పట్టుకోని ఎనక్కి తిరిగి ఆడోళ్ళ వైపు చూసె. ప్రార్థన కూటంలోని ఆడోళ్ళంతా ఆడ్నే ఉండారు. ఒక్కరు గూడ నవ్వలా. నవ్వింటే బాగుండు. నాకు ఏడుపొచ్చె, నిజంగా చెప్తాండా. సందు దొరికినంక పోయి పక్కన నిలబడితే, "గుడ్లన్నీ దండగ" అని ఒక్కమాట అని కొంగుతో మొగం తుడ్చుకునె.

ఇంగ ఆడ్నుంచి పారిపోతాండగా, దావీదు ఎనకనే ఉరికొచ్చి నా భుజం పట్టుకునె. కడప టీమును తిట్టినందుకు ఏమన్నా అంటాడేమో అనుకుంటి. వాడు నవ్వుతా, "ఏందన్నా నువ్వు, దీనికోసమా అంత పాట్లు పడితివి? ఓడిపోయింటే సరిపోతాండె గదా! నేను ఆ పెట్టె మూత గూడ తీసేటోణ్ణి కాదు, సంకలో పెట్టుకోని అట్లనే బస్సెక్కి పోయింటి. కడపలో మాకు అది వెండో, ఇత్తడో, కళాయో ఎవురికి తెల్సు?" అనె.

ఏమప్పా, ఇప్పుడు నవ్వండి, టీ అయిపాయ గదా. నా జన్మలో అంత బాగా ఏసిన బంతి ఇంగోటి లేదు.