అయిదు అరుగుల దూరం

గత సోమవారం మా వీధి మలుపులో ఒక బెంచీ మొలిచింది. మొలిచింది అని ఎందుకంటున్నానంటే, ఆదివారం పొద్దున్న నేను పాలపాకెట్టుకి వెళ్లినప్పుడు అది లేదు, సోమవారం మళ్లీ పాలపాకెట్టుకే వెళ్తుంటే ఉంది. ఉక్కు బెంచీ. ఏనుగుల గుంపు వచ్చి కూర్చుని పేకాడుకున్నా వంగనంత దిట్టం. నాలుగు కాళ్లకీ వేసిన బోల్టులు భూమికి అవతలివైపు ఎవరింట్లోనో పొడుచుకు వచ్చి ఉంటాయి. ఎవరూ నడుం వాల్చకుండా మధ్యలో రెండు ఇనుప చేతులు. పక్కన బోర్డు మీద బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో ఒకటే మాట: నడవండి, ఆరోగ్యంగా ఉండండి. ఎలా నడవాలో తెలియని వాళ్ల కోసం కాబోలు, పేవ్‌మెంటు మీద ఆకుపచ్చ రంగుతో అడుగుల గుర్తులు కూడా వేశారు. అంతంత పాదాలు త్రివిక్రముడికి తప్ప ఇంకెవరికీ ఉండవు. భవానీపూర్ సందుల్లో యాభై ఏళ్లుగా చెప్పులరగదీస్తున్న నాకు ఎడమ కాలు తర్వాత కుడి కాలు వెయ్యాలని ఇప్పుడు చెప్తున్నారు.

నేను దాని మీద కూర్చోలేదు. చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఇంటికొచ్చేశాను. మా ఆవిడ "పాలేవీ?" అంది. మర్చిపోయాను. ఆ బెంచీ వేసిన చోట పదకొండేళ్ల కిందటి దాకా అయిదో అరుగు ఉండేది. అయిదో అరుగు అనేది ఏ ప్రభుత్వ పటంలోనూ కనిపించదు. ఆ నంబర్లు వేసింది మా మావయ్య.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. మీసాలు రాకముందే శ్రీకాకుళం వైపునుంచి రైలెక్కి వచ్చి, ఈ ఊరి వీధులు కడిగే ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుల్లో తెల్లవారుతూనే వీధి పక్కనున్న ఇనుప మూత ఎత్తి, లోపలి కుళాయికి కొండచిలువంత గొట్టం తగిలించి, గంగ నీళ్లతో రోడ్లు కడిగేవారు. గొట్టం పట్టుకున్న మావయ్యని చూస్తే గంగని భూమికి దించింది ఈయనే, పురాణాల వాళ్లు పొరపాటున ఇంకొకరి పేరు రాశారు అనిపించేది నాకు. ఈ ఊళ్లో పాత ఇళ్లన్నిటికీ వీధి గుమ్మం పక్కన పేవ్‌మెంటు మీదికి పొడుచుకొచ్చిన సిమెంటు అరుగులుంటాయి. బెంగాలీలో వాటిని రొక్ అంటారు. ఫుట్‌బాల్ మ్యాచీల తీర్పులు, ప్రపంచ యుద్ధాల మీద విమర్శలు, పెళ్లిసంబంధాల కూల్చివేతలు అన్నీ వాటి మీదే జరుగుతాయి. మావయ్య రోడ్డు కడగడం అయ్యాక, గొట్టంలో మిగిలిన నీళ్లతో ఆ అరుగులు కూడా కడిగేవాడు. అది ఆయన డ్యూటీ కాదు. ఎవరూ చెప్పలేదు. "రోడ్డు తళతళలాడతంటే పక్కన అరుగు మురిగ్గా ఉంటే ఏటి బాగుంతాది?" అనేవాడు. మా వీధిలో ముప్పై ఏళ్లు కడిగాడు. ఒక్కరోజూ వాటి మీద కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అత్త అప్పటికే పోయింది కాబట్టి, మా ఇంట్లో కింది గదిలోకి వచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక రేడియో, షాలిమార్ స్టేషన్ దాకా వినిపించే దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గుకి కారణమైన బీడీలే కాళ్లలో రక్తనాళాలని కూడా మూసేశాయి. రెండు వందల అడుగులు వేసేసరికి పిక్క పట్టేసేది. ఎవరో లోపలినుంచి తాడు బిగించినట్టు ఉంటుందనేవాడు. కూర్చుంటే రెండు నిమిషాల్లో పోయేది. డాక్టరు బీడీ మానిపించి, మాత్రలు రాసి, చీటీ కింద ఒక గీత గీసి చెప్పాడు: అసలు మందు నడక. నొప్పి వచ్చేదాకా నడు, వచ్చాక కూర్చో, తగ్గాక మళ్లీ లే. రోజూ గంట. నడిస్తే మూసుకుపోయిన పెద్ద దారి పక్కనే చిన్న చిన్న సందులు తెరుచుకుంటాయి, రక్తం వాటిలోంచి పోతుంది. నడవకపోతే కాలు పోతుంది.

బయటికొచ్చాక మావయ్యకి పట్టుకున్న దిగులు కాలు గురించి కాదు. "కూకోమంతాడు సరే. ఎక్కడ కూకుంతానురా నాను?"

"అన్ని అరుగులున్నాయి కదా మావయ్యా."

"ఆల్ల అరుగుల మీద నానా? ఏటనుకుంతారు?"

మర్నాడు పిక్క పట్టేసి మొదటి అరుగు ముందు నిలబడి, కూర్చోలేక, నడవలేక, గోడకి మేకు కొట్టినట్టు ఉండిపోయాడు. ఆ ఇంటి దీదీమా, అంటే బామ్మగారు, కిటికీలోంచి చూసింది. ఆవిడ వయసు తొంభై అని ఆవిడ అనేది. నూట నలభై అని నా అంచనా. "బోషో, బాబా, బోషో" అంది. కూర్చో నాయనా అని. అయినా ఈయన కూర్చోడు. జేబులోంచి డాక్టరు చీటీ తీసి కిటికీ దాకా చాచాడు, టికెట్టు కలెక్టరుకి చూపించినట్టు. దీదీమా కళ్లజోడు పెట్టుకుని ఆ చీటీ అంతా చదివి, తిరిగిచ్చి, లోపల వంట చేస్తున్న కోడలికి వినపడేంత గట్టిగా బెంగాలీలో అంది: "కూర్చోవయ్యా! నువ్వు కడిగినంత శుభ్రంగా ఈ ఇంట్లో నా మంచం కూడా ఎవరూ తుడవరు!" ముప్పై ఏళ్లు కడిగిన అరుగు మీద కూర్చోడానికి మావయ్యకి డాక్టరు చీటీ కావలసి వచ్చింది.

అలా మా ఇంటినుంచి వీధి మలుపులో టీ కొట్టు దాకా అయిదు అరుగులు ఆయన లెక్కలోకి చేరాయి. మొదటిది దీదీమాది. రెండోది దర్జీది, దాని మీద దర్జీల పేట మెటియాబ్రుజ్‌నుంచి వచ్చిన బట్టల మూటలుండేవి కాబట్టి మెత్తన. మూడోది పిల్లులది. నాలుగోది రిటైరైన లెక్కల మాస్టారిది. ఆయన మావయ్యని కూర్చోబెట్టుకుని రెండు నిమిషాల్లో ముప్పై ఏళ్ల రాజకీయం చెప్పేవాడు. అయిదోది పాతకాలపు మందుల షాపుది. చూస్తుండగానే ఆరు నెలలకి మావయ్య రెండో అరుగు దగ్గర ఆగడం మానేశాడు. ఏడాదికి నాలుగోది కూడా. "మాస్టారికి కోపవొచ్చినాది, నాను ఆగనేదని. ఏటి సెయ్యను, కాలు ఆగనన్నాది!" అని వచ్చి చెప్తుంటే ఆ మొహం ఒలింపిక్స్‌లో పతకం కొట్టినవాడికి కూడా ఉండదు. డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి చూసి, సందులు తెరుచుకుంటున్నాయి అన్నాడు.

సరిగ్గా అప్పుడే నేను కారు కొన్నాను.

దాన్ని కారు అని నేను తప్ప ఎవరూ అనలేదు. మా ఆవిడ అగ్గిపెట్టె అంది. అయినా ఆ అగ్గిపెట్టె మా సందులో తిరగాలంటే దీదీమా అరుగుకి ఒకసారి, దర్జీ అరుగుకి ఒకసారి సాష్టాంగపడి రావాలి. పాడా కమిటీ, అంటే మా వీధి పెద్దమనుషులు, సందు వెడల్పు చెయ్యమని అర్జీ పెడదామనుకుంటున్నారు. నాలుగు పత్రికల్లో హాస్యం రాసేవాణ్ణి కదా, కలం నా చేతికిచ్చారు. ఇక చూసుకోండి. మా సందులోంచి మెయిన్ రోడ్డుకి చేరేలోగా శిశువులు వృద్ధులవుతున్నారని రాశాను. అరుగులు నాగరికత గొంతులో ఇరుక్కున్న ఎముకలని రాశాను. అవి తీసేస్తే ఒక్కొక్క బండికీ రెండు నిమిషాలు ఆదా అవుతాయని రాశాను. చివరికి, ఎవరూ కాదనలేని మాట: రేపు ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అంబులెన్సు గుమ్మం దాకా రావద్దా? కమిటీలో చప్పట్లు కొట్టారు. వీధిలో ఉంటున్న పెద్దవాళ్లందరి సంతకాలూ కావాలన్నారు. అర్జీ మావయ్య దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏటి రాసినావురా?" అన్నాడు. ఆయనకి తెలుగు తప్ప చదవడం రాదు.

"మన వీధికి మంచి జరగాలని రాశాను మావయ్యా."

"అయితే ఎక్కడెట్టమంతావ్?"

తన పేరు తెలుగులో, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా తిప్పుతూ పెట్టాడు. అర్జీలో అరుగులూ మావయ్య కూర్చునే అరుగులూ ఒకటేనని అప్పుడు నాకు తట్టలేదు అని రాస్తే నాకు హాయిగా ఉంటుంది. తట్టింది. ఇంకెక్కడైనా కూర్చుంటాడులే అనుకున్నాను. ఊరంతా ఇంత ఉంది కదా అనుకున్నాను.

గవర్నమెంటు కాగితం ఏనాడూ కదలని ఊళ్లో నా అర్జీ రెక్కలు కట్టుకుని ఎగిరింది. మూడు నెలల్లో సుత్తులు వచ్చాయి. అయిదు అరుగులూ ఒక్క రోజులో పోయాయి, వాటితో పాటు పేవ్‌మెంటు సగం పోయింది. దీదీమా కిటికీ తలుపులు వేసుకుంది. మావయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికొచ్చి, నన్ను ఏమీ అడక్కుండా, "రెండోది గట్టిగా కట్టినారు. శానాసేపు పట్టినాది" అన్నాడు.

ఆ తర్వాత కూడా నడవాలని చూశాడు. పిక్క పట్టేసినప్పుడు కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడితే కొత్తగా వచ్చిన వాళ్లెవరో తాగుబోతనుకున్నారు. నేను ప్లాస్టిక్ స్టూలు కొనిచ్చాను. రెండు రోజులు చంకలో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు దాని మీద కూర్చుని ఉండగా, వెడల్పైన మా సందులో కొత్తగా నేర్చుకున్న వేగంతో వచ్చిన మోటార్‌సైకిలు స్టూలు కాలు విరగ్గొట్టి పోయింది. మెయిన్ రోడ్డు అవతల పార్కులో బెంచీలున్నాయని నేనే చెప్పాను. సిగ్నల్ దగ్గర నడిచే మనిషి పచ్చబొమ్మ వెలగగానే బయల్దేరాడట. ఆ పచ్చబొమ్మకి మనుషులంటే పరుగుపందెం గుర్రాలని అభిప్రాయం. మధ్యలోకి చేరేసరికి ఆరిపోయింది, పిక్క పట్టేసింది. అటూ ఇటూ బస్సులు. "ఓ దాదూ, చావడానికి ఇంకో రోడ్డు దొరకలేదా?" అని కండక్టరు అరిచాడట. మిగతాది టీ కొట్టువాడి ద్వారా తెలిసింది; కండక్టరు మాట ఒక్కటే ఆయన నాకు చెప్పాడు, నవ్వుతూ. మర్నాటినుంచి గుమ్మం దిగలేదు. కిటికీ దగ్గర కూర్చుని, నేను కారు తిప్పుతుంటే "ఎడమకి కొట్టు, ఇంకా కొట్టు, సాలు" అని దారి చూపించేవాడు. ఒక్కసారికే తిరిగిపోయేది. ఎంత బాగుందో అనుకునేవాణ్ణి.

చలికాలంలో బొటనవేలు నల్లబడింది. ఆయన సాక్సు తొడుక్కుని దాచాడు. వాసన దాచలేకపోయాడు. ఆస్పత్రిలో డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికాడు. నడక మానేశాడా అని అడిగాడు. మానేశాడన్నాను. ఎందుకు అన్నాడు. ఈ దేశంలో ఏ ప్రశ్నకైనా రెండు పేజీల జవాబు రాయగలవాణ్ణి, నా నోట వచ్చింది ఒకే మాట.

"బద్ధకం, డాక్టర్‌గారూ."

మంచం మీంచి మావయ్య నా మొహం చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, తనకొచ్చిన బెంగాలీలో, అవును బాబూ, ముసలాణ్ణి కదా, బద్ధకం అన్నాడు.

మోకాలి కిందికి తీసేశారు. ఇంటికి తెచ్చాక, ఒక మధ్యాహ్నం దుప్పటి కింద ఖాళీ జాగాని సర్దుతూ, నేనేం అడక్కుండానే చెప్పాడు. "ఆ కాగితంలో ఏటున్నాదో నాకు దర్జీ ముందే సెప్పినాడురా. సదివినోడివి, నువ్వే రాసినావు కదా, ఇంకెక్కడో కూకోడానికి జాగా కూడా రాసుంతావు అనుకున్నాను." కోపంగా అన్నా బాగుండేది. రేడియో వాల్యూం తగ్గిస్తూ అన్నాడు.

ఏడాది తిరగకుండా రెండో కాలికి కూడా పాకింది. ఆ పొద్దున్న అంబులెన్సు వచ్చింది. ఎక్కడా ఆగకుండా, ఎవరికీ సాష్టాంగపడకుండా, తిన్నగా మా గుమ్మం దాకా వచ్చింది. నా జీవితంలో నేను రాసిన వాటిలో పొల్లుపోకుండా నిజమైంది ఆ ఒక్క వాక్యమే. ఆస్పత్రికి చేరేలోగా ఆయన పోయాడు.

ఇప్పుడు దీదీమా లేదు. మాస్టారి ఇంటి చోట ఏడంతస్తులు లేచాయి. నా అగ్గిపెట్టె తుప్పుపట్టి సందులోనే నిలబడి ఉంది, ఒకప్పుడు రెండో అరుగు ఉన్న చోట, సరిగ్గా అంత జాగా ఆక్రమించుకుని. ఈ పొద్దున్న పాలపాకెట్టు పట్టుకుని మళ్లీ ఆ బెంచీ దాకా వెళ్లాను. పిక్కల్లో ఏ నొప్పీ లేదు; అయినా కూర్చున్నాను. ఎదురుగా బండ్లు చకచకా మలుపు తిరుగుతున్నాయి. ఒక్కొక్క బండికీ రెండు నిమిషాలు ఆదా చేసి పెట్టాను నేను. మావయ్యకి కావలసిందీ, ఒక్కొక్క అరుగు దగ్గరా, ఆ రెండు నిమిషాలే. పదకొండేళ్లుగా అవి నా దగ్గరే ఉన్నాయి, ఎక్కడ కూర్చున్నా గడవవు.