అప్పలస్వామి గారి రెండు స్టార్లు

రెండేళ్ల కిందటి వానాకాలం. హిందీ మాట్లాడే మా ఉక్కు ప్లాంటు ఊళ్ళో, సుపేలా మెయిన్ రోడ్డు మీద, ఒక మిఠాయి కొట్టు పైన మా ఆఫీసు. మాది యూజర్ ఫీడ్‌బ్యాక్ పని, అంటే ఒక వస్తువునో సేవనో వాడుకున్నవాళ్ళు దాని గురించి ఏమనుకుంటున్నారో అడిగి రాయడం. పరాయి ఇళ్ళలో కూర్చుని ఆరాలు తీస్తే జీతమిచ్చే ఉద్యోగం ఇంకోటి నాకు తెలీదు. చిన్నప్పుడు ఇదే గుణానికి అమ్మ చేత తిట్లు తిన్నాను.

అప్పుడు నా చేతికి రెండు పనులు కలిసి వచ్చాయి. ఒకటి, మాట చెబితే లైట్లూ ఫ్యాన్లూ వేసి ఆర్పే పరికరం. "పంఖా చలావ్" అంటే చాలు, ఫ్యాను తిరుగుతుంది. రెండోది, చేతిలో విద్య ఉన్నవాళ్ళు సెలవురోజు ఉచితంగా ఇంటికొచ్చి ఆ విద్యతోనే సాయపడే సేవ. లెక్కల మాస్టారు లెక్కలు చెబుతాడు, వకీలు కాగితాలు చూసి పెడతాడు. రెండిటినీ వాడుకుంటున్న ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ అభిప్రాయాలు పక్కపక్కన పెట్టి చూడమన్నారు.

దాదాపు అందరిదీ ఒకటే పాట. నెట్ పోతే పరికరం మూగబోతుందని దానికి మూడు స్టార్లు, ఇంటికొచ్చిన మనిషికి మాత్రం అయిదు. రిసాలి కాలనీలో ఒక్క ఇల్లే తలకిందులు. పరికరానికి అయిదు, మనిషికి రెండు. మిగతా గుంపుతో కలవని ఇలాంటి జవాబును మేము ఔట్‌లయర్ అంటాం. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. నాకు మాత్రం అలాంటిది కనిపిస్తే కాలు నిలవదు.

ఆ ఇల్లు అప్పలస్వామి గారిది. ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అనిత అనే ఫిజియోథెరపిస్టు పక్క ఊరు దుర్గ్ నుంచి ప్రతి ఆదివారం వచ్చి కసరత్తు చేయిస్తోంది. ఆ సేవకి ఒక నియమముంది. మూడు నెలలు వరసగా మూడు స్టార్ల కంటే తక్కువ వస్తే, ఆ వలంటీరుని ఆ ఇంటి నుంచి మార్చేస్తారు. అప్పటికే రెండు నెలలు రెండేసి స్టార్లు పడ్డాయి. నా సంచీలో ఉన్నది మూడో నెల ఫారం.

వెళ్ళేముందే నా మనసులో ఒక జవాబు తయారుగా ఉంది. పరికరం కూర్చోబెడుతుంది, అనిత లేపి నడిపిస్తుంది. ఎవరి మీద ఇష్టముంటుందో చెప్పాలా?

"మావయ్యగారూ, అనితా దీదీకి రెండేనేం? లేపి తిప్పుతోందని కోపమా?" అన్నాను.

"కోపమేటమ్మా? మొదట్లో ఈ చెయ్యి గ్లాసు పట్టీది కాదు. ఇప్పుడు లేచెళ్ళి స్విచ్చు నొక్కుతన్నాను. ఆ పిల్ల చలవే కదేటి?"

"మరి రెండు స్టార్లు?"

వంటింటి గుమ్మంలోంచి వాళ్ళావిడ నూకరత్నం గారు అందుకున్నారు. "సెప్పీయండి, దాపరికమెందుకు?"

అప్పుడాయన చెప్పారు. "ప్లాంటు క్వార్టర్లో ఉండీ రోజుల్లో కప్పు కారితే కంప్లయింటు స్లిప్పు రాసీవోళ్ళం. మేస్త్రీ వచ్చి సగం పని చేసి, పని బాగుందని సంతకం పెట్టమనీవోడు. పెట్టీసావా, స్లిప్పు మూసీస్తారు, వాడింక రాడు. పనంతా అయ్యీదాకా సంతకం పెట్టకూడదని మా వీధి వీధంతా నేర్చీసుకున్నాం. స్విచ్చు నేనే నొక్కుతన్నాను, ఈ పరికరంతో పనైపోయింది, అయిదిచ్చీసాను. నా చెయ్యి పని ఇంకా అవ్వలేదు కదా. అయిదిచ్చీస్తే బాగైపోయాననుకుని ఆ పిల్లని ఇంకో ఇంటికి పంపీరా?"

నాకు సిగ్గేసింది. నేను పుట్టి పెరిగిందీ అలాంటి క్వార్టర్లోనే. మా నాన్న కూడా మేస్త్రీకి సంతకం పెట్టకుండా వారాల తరబడి తిప్పించుకునేవారు.

జవాబు నేర్పకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. కానీ ఆయన జవాబిస్తున్నది మేమడిగిన ప్రశ్నకు కానే కాదు. అందుకే మూడు నెలల నియమం ఒక్కటీ చెప్పి ఊరుకున్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "నేనే పంపీబోయానేటి?" అన్నారు. తర్వాత "ఆ కాగితం ఇలాగియ్యి" అని చెయ్యి చాపారు. అంతకుముందు రెండు ఫారాలూ నూకరత్నం గారు నింపినవే. ఆవిడ పెన్ను తీసుకోబోతే ఆయన ఇవ్వలేదు. కుడిచేత్తోనే, పెన్ను రెండుసార్లు జారినా, అయిదు స్టార్లూ నింపారు. కింద ఖాళీలో పెద్ద పెద్ద వంకర అక్షరాలతో రాశారు: "పని బాగుంది. ఇంకా అవ్వలేదు."

అనితని మార్చలేదు. అప్పట్నుంచీ ఎవరినైనా ఎన్ని స్టార్లని అడిగేముందు ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. మీరిచ్చే స్టార్లతో ఏమవుతుందనుకుంటున్నారు అని. సగం ఔట్‌లయర్ల చిక్కు అక్కడే విడిపోతుంది.

ఆ రోజు ఫారం తీసుకుని చూస్తే సంతకం చోటు ఖాళీగా ఉంది.

"మావయ్యగారూ, సంతకం?"

ఆయన పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చేశారు.

"చెయ్యి పూర్తిగా వచ్చినాక," అన్నారు.