మమ్మల్ని జూలై ఒకటిన పుట్టించారు

కేకు మీద పూసే ఆ తెల్ల క్రీము వాసన తగిలితే నేనక్కడ నిలవలేను. పెళ్లిలోనో పుట్టినరోజు ఫంక్షన్‌లోనో ఎవరైనా ప్లేటు పట్టుకుని నా వైపు వస్తుంటే చెప్పులేసుకుని బయటికి నడుస్తాను. నాకు షుగరనుకుంటారు జనం. షుగరు కాదు, రోత. అది ఎలా పట్టుకుందో చెబుతాను.

నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. వినుకొండ వైపు పల్లెల్లో తిరునాళ్లకు ఇప్పటికీ నాటకాలు ఆడిస్తారు. కృష్ణ వేషగాడు రాగం ఎత్తుకుని కిందికి దిగనంటే, ఆయన దిగేదాకా ఓపిగ్గా శ్రుతి పట్టుకుని కూర్చునేవాణ్ణి నేనే. నా ఆధార్ కార్డులో పుట్టినతేదీ జూలై ఒకటి. మా ఊరి శివాలయంలో సన్నాయి వాయించే పెద్దాయనదీ జూలై ఒకటే. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే భాయ్‌దీ అదే. చర్చిలో కీబోర్డు ముందు కూర్చుని పాడే చెల్లెమ్మదీ అదే. ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ కొట్టే తమ్ముడొకడున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వాడిదీ అదే.

ఇందులో గ్రహాల మహిమేమీ లేదు. మేమంతా ఒకే బడిలో చదివాం. ఆ బడిలో హెడ్మాస్టర్లు మారారు గానీ అలవాటు మారలేదు. తండ్రి పిల్లాణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చేవాడు. "ఎప్పుడు పుట్టాడయ్యా?" అని అడిగితే "మిరపకాయ కోతలప్పుడండి" అనో, "గాలివాన వచ్చిన ఏడండి" అనో చెప్పేవాడు. మాస్టారు తల ఎత్తకుండా జూలై ఒకటి అని రాసేసేవారు. కుడి చెయ్యి నెత్తి మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందినదాన్ని బట్టి సంవత్సరం వేసేవారు. అందుకే మా ఊళ్లో సగం మందికి ఒకే పుట్టినరోజు. తల్లిదండ్రులకు తెలియక అలా జరిగిందని మేమంతా అనుకునేవాళ్లం. ఆ రోజు వస్తే ఒకరినొకరు చూసి నవ్వుకోవడం తప్ప మాకెవరికీ పండగా లేదు, పబ్బమూ లేదు.

పెద్దాయనకు మాత్రం అసలు పుట్టినరోజు తెలుసు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. కార్తీకం మొదలైన రోజు సాయంత్రం గుడిలో ఆకాశదీపం ఎత్తుతుండగా పుట్టాడట. అప్పుడు గుడిలో సన్నాయి వాయిస్తున్నది ఆయన తండ్రే. కొడుకు పుట్టాడని కబురొస్తే, దీపం పైకెళ్లేదాకా ఆపకుండా వాయించి, అప్పుడు ఇంటికెళ్లాడట. తండ్రి పోయాక బాబాయ్ ఏటా ఆ సాయంత్రం దీపం దగ్గర వాయిస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. ఆయన పుట్టినరోజంటే అదొక్కటే.

ఈమధ్య గుడి కమిటీ ఒక మిషన్ తెచ్చింది. మీరు చూసే ఉంటారు. ఇనప స్టాండుకి డప్పు, గంటలు, తాళాలు బిగించి ఉంటాయి. స్విచ్ వేస్తే మోటారు తిరిగి అన్నీ ఒకేసారి ధడధడా కొట్టుకుంటాయి. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. తెల్లారి బాబాయ్ వాయించే మేలుకొలుపు దానికప్పగించి, ఆయన్ని పండగలకే రమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. శివుడికి చెవులున్నాయో లేవో తెలియదు గానీ, ఆ కమిటీ చైర్మన్‌కి మాత్రం లేవు.

బాబాయ్ అలిగే మనిషి కాదు. మేలుకొలుపు తిరిగి ఇప్పించమని చైర్మన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆయనకు కావలసింది అదొక్కటే. చైర్మన్ ఒకటే మాట అనేవాడు. "నీకు ఊపిరి ఆడటంలేదయ్యా పెద్దాయనా, మధ్యలో ఆగిపోతన్నావు."

ఇంతలో ప్యాడ్స్ తమ్ముడు మా ఐదుగురి ఫోటోలు కలిపి, ఒకే పుట్టినరోజని సరదాగా వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. అది మా ప్రాంతపు నాయకుడొకాయన అనుచరుల కంట పడింది. ఆ నాయకుడిదీ జూలై ఒకటేనట. ఆయన మా బడిలో చదవలేదు, కాన్వెంటులో చదివాడు, కాబట్టి నిజంగానే ఆ రోజు పుట్టి ఉండాలి. మర్నాటికల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. "ఒకే రోజున ఉదయించిన సంగీత రత్నాలకు ఘన సన్మానం." ఫ్లెక్సీ నిండా నాయకుడు. అడుగున మిరపగింజలంత మేం ఐదుగురం.

నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. కానీ ఆ సభకు చైర్మన్ కూడా వస్తున్నాడు. బాబాయ్ వెళ్లి అడిగితే, "సరేలే, ఆ రోజు ముందు వరసలో కూర్చుని వింటా. ఆగకుండా వాయించావనుకో, మేలుకొలుపు నీకే" అన్నాడట. ఆ కబురు మోసుకుని మా ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి.

"ఒరే అబ్బాయ్, నువ్వు రానంటే కుదరదు. శ్రుతి నీదే" అన్నాడు.

"శ్రుతి బాక్సు ఉంటదిగా బాబాయ్."

"నాకా బాక్సుల గోల వద్దురా. మనిషి కావాల."

అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే చేలగట్టు మీదికెళ్లి సాధన. కల్లాలు ఖాళీగానే ఉన్నా, ఎండిన మిరప ధూళి ఇంకా లేస్తుందని బాబాయ్ అటు వెళ్లేవాడు కాదు. దగ్గొస్తే ఊపిరి తెగుతుందని ఆయన భయం. సన్నాయికి నోటి దగ్గర పెట్టుకునే చిన్న పీక ఉంటుంది, రెల్లుతో చేసింది. దాన్ని చాలాసేపు నోట్లో నానబెట్టాలి. కాస్త జిడ్డు తగిలినా పలకదు, పెదవి పట్టూ జారుతుంది. అందుకని వాయించే రోజు బాబాయ్ వాయించేదాకా మంచినీళ్లు తప్ప ముట్టడు. ఇది మా ఊళ్లో అందరికీ తెలుసు. చైర్మన్‌కీ తెలుసు.

ఆ రోజు కల్యాణమండపానికి తువ్వాలు ముక్కుకి, నోటికి చుట్టుకుని వచ్చాడు బాబాయ్. పక్కనే మిర్చి కోల్డు స్టోరేజి, బస్తాలు లారీలకెక్కిస్తున్నారు, గాలంతా ఘాటు. ఆ ఘాటు నుంచి ఆయన గొంతును కాపాడుకున్నాడు. అసలు ముప్పు ఎటు నుంచి వస్తుందో మాకెవరికీ తట్టలేదు.

నాయకుడు ఎంతకీ రాడు. స్టేజి మీద బల్ల, బల్ల మీద వయొలిన్ ఆకారంలో పెద్ద కేకు. మా ఐదుగురిలో వయొలిన్ వాయించేవాళ్లు ఎవరూ లేరు. భాయ్ బ్యాండు కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. చెల్లెమ్మ పట్టుచీర కట్టుకుంది. ఎప్పటికో డప్పులతో, టపాకాయలతో నాయకుడు దిగాడు. ఆయన్ని పొగడటానికి ఒక్కొక్కరూ మైకు పుచ్చుకుని వదలరు. చివరికి యాంకరు మంగళవాద్యంతో మొదలుపెడదామని బాబాయ్ పేరు పిలిచాడు. బాబాయ్ పీక నోట్లో నానబెట్టుకుంటూ లేచాడు. నేను హార్మోనియం తిత్తి తీసి ఆయన శ్రుతి పట్టాను. ముందు వరసలో చైర్మన్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

అంతలో అనుచరుడెవడో అరిచాడు. "ముందు కేకు! అన్న కేకు కోయకుండా ఏందిరా ఈ పీపీలు?"

ఇక అంతే. అందరూ స్టేజి మీదికి ఎగబడ్డారు. నాయకుడు కేకు కోసి, మొదటి ముక్క పెద్దవాళ్లకే పెట్టాలని గొప్పగా ప్రకటించి, బాబాయ్ నోట్లో కుక్కాడు. నోట్లో పీక ఉంది. బాబాయ్ చేత్తో వద్దంటున్నాడు, తల తిప్పుతున్నాడు. అది సిగ్గనుకుని ఇంకో ముక్క కుక్కారు. తర్వాత ఒకడు అరచేతి నిండా క్రీము తీసి ఆ ముసలాయన మొహానికి చెవి నుంచి చెవి దాకా పులిమాడు. కళ్లలోకి, ముక్కులోకి, మీసంలోకి పోయింది. ఈ రోజుల్లో పుట్టినరోజంటే ఇదేగా. తినేదాన్ని మొహానికి పూయడం, పూసి పళ్లికిలించడం. ఇంకొకడు నురగ స్ప్రే కొట్టాడు. సన్నాయికి దారంతో వేలాడే విడి పీకల మీద కూడా పడింది. చెల్లెమ్మ తల నిండా నురగ. నా హార్మోనియం మెట్ల మీద ఎవడో గుప్పెడు కేకు వేసి, "అంకుల్‌కి కూడా పెట్టాం" అని నవ్వాడు. వాడి మొహాన ఉమ్మాలనిపించింది.

బాబాయ్ నోట్లోంచి పీక తీసి చూసుకున్నాడు. చీలిపోయింది. దారానికున్న ఇంకోటి తుడిచి బిగించుకున్నాడు.

"కాసిన్ని నీళ్లు, నాయనా. నోరు కడుక్కుంటా" అన్నాడు.

వీడియో తీసేవాడు అడ్డం పడ్డాడు. "కడుక్కోమాకండి, తుడుచుకోమాకండి! అట్టానే వాయించండి, రీల్‌కి సూపరుంటది."

యాంకరు మైకు ముందుకు జరిపాడు. చైర్మన్ ఫోను తీసి పట్టుకున్నాడు. బాబాయ్ ఒక్కసారి ఆయన వైపు చూసి, సన్నాయి ఎత్తాడు. పెదవులు జారిపోతున్నాయి. మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి ఒక కీచుమన్న శబ్దం. మండపం మొత్తం పగలబడి నవ్వింది. సౌండు సిస్టం కుర్చీలో కూర్చున్నవాడు తనవంతుగా బాతు అరుపు వేశాడు. బాబాయ్ మళ్లీ పీల్చాడు, మళ్లీ ఊదాడు, క్రీము గొంతులోకి పోయి దగ్గు తెర కమ్మింది. అది ఆగేలోపు డీజే పాట మొదలైంది, నాయకుడి చుట్టూ డాన్సులు మొదలయ్యాయి. చైర్మన్ నవ్వుతూనే ఉన్నాడు, తీస్తూనే ఉన్నాడు.

నేను "ఛీ, మీరు మనుషులేనా!" అని అరిచాను. నా మైకు ఎప్పుడో కట్ చేశారు. భాయ్ క్లారినెట్ పెట్టె తెరవనే లేదు. లేచి వచ్చి ఇస్త్రీ చేసిన తన కోటు చేతితో బాబాయ్ మొహం తుడిచాడు. చెల్లెమ్మ తలలో నురగతోనే నాయకుడి ముందుకెళ్లి, "మేం పాడటానికొచ్చాం బాబూ, పూయించుకోటానికి కాదు" అంది. ఆయన నవ్వుతూ ఆవిడతో సెల్ఫీ దిగాడు. ప్యాడ్స్ తమ్ముడు ఏడుస్తూ మా సామాను బయటికి మోశాడు. మా ఐదుగురిలో ఒక్కరి వాద్యమూ ఆ రోజు ఎవరూ వినలేదు. మెళ్లో మాత్రం తలా ఒక శాలువా ఉంది.

మర్నాడు చైర్మన్ ఇంటికెళ్లాను.

"ఇంకొక్కసారి వినండి. గుళ్లోనే వినండి" అన్నాను.

"విన్నాంగా. పెద్దాయనకు ఊపిరి అయిపోయింది."

"ఊపిరి కాదండీ, కేకు. నోట్లో కేకు పెట్టుకుని సన్నాయి ఎట్టా పలుకుద్ది?"

"ఏం, కేకు మేమూ తిన్నాం. మాకేమీ కాలేదే!"

ఆ మాటని ఎంతో తెలివైన మాట అన్నట్టు పక్కనున్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలలూపారు. ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశాను. అప్పటికే ఆ వీడియో జిల్లా అంతా తిరుగుతోంది. తెల్లటి మొహం, కీచు, బాతు అరుపు. కింద జనం పెట్టిన నవ్వు బొమ్మలు. ఆ ముసలాయన శివుణ్ణి నిద్రలేపే మనిషని అందులో ఎక్కడా లేదు.

హార్మోనియం విప్పి గుడ్డతో, పుల్లతో ఎంత తుడిచినా మెట్ల సందుల్లో క్రీము మిగిలిపోయింది. వానల్లో అది పులిసింది. చీమలు పట్టాయి. తిత్తి ఊదినప్పుడల్లా ఆ కుళ్లు వాసన నా మొహానికే కొట్టేది. నాటకంలో పద్యం మధ్యలో వాంతి వచ్చినంత పనయ్యేది. చివరికి మెట్లన్నీ ఊడదీయించి కొత్తవి వేయించాను. అయినా కొన్నాళ్లు ఆ వాసన ఉన్నట్టే అనిపించింది.

బాబాయ్ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. చేలగట్టు మీద సాధన మాత్రం మానలేదు. కార్తీకం వచ్చింది. మొదటి రోజు సాయంత్రం ఉతికిన పంచె కట్టుకుని, సన్నాయి సంచి చంకలో పెట్టుకుని గుడికి బయల్దేరాడు. నేనూ కూడా వెళ్లాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆయన నోరు చూస్తే తెలుస్తోంది. పీక బుగ్గలో ఉంది.

ధ్వజస్తంభం దగ్గర చైర్మన్ నిలబడి ఉన్నాడు. దీపానికి తాడు కడుతున్నారు. బాబాయ్ పీక చేతిలోకి తీసుకుని, "ఇయ్యాల నా పుట్టినరోజండి. దీపం ఎత్తేటప్పుడు ఏటా వాయిస్తాగా" అన్నాడు.

చైర్మన్ విసుగ్గా చూశాడు. "మొన్న జూలైలోనేగా చేశాం? కేకు కూడా కోశాం. ఏడాదికి ఎన్ని పుట్టినరోజులయ్యా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరో వెళ్లి స్విచ్ వేశారు. డప్పు, గంటలు, తాళాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. దీపం ఆ రొదలోనే పైకి వెళ్లింది. నేను చైర్మన్ మీదికి వెళ్లబోతే బాబాయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సంచి మూతి విప్పలేదు. గేటు దాటి, ఆ మోత వినపడని చోటికి వచ్చేదాకా వదల్లేదు.

అక్కడ ఆగి, పీకను జేబులో వేసుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, నన్ను బళ్లో వేసిన రోజు మా నాయన చెప్పాడ్రా పంతులికి. కార్తీకం మొదటి రోజని, దీపం ఎత్తే టైమని, అంతా చెప్పాడు. నేను పక్కనే ఉన్నా."

"మరి పంతులేమన్నాడు బాబాయ్?"

"ఏదైతే ఏంలే అన్నాడు."